తూటాలో మందు మారితే తుపాకీయే బాంబు

ఇంట్లో తూటాలు నింపుకునే ప్రయత్నం ఎందుకు ప్రమాదం? చట్టం ఏమంటోంది? పంట కాపాడుకునే రైతుకు దారేది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: చేనికి కాపలా, ఇంటికి రక్షణ, పెద్దల నాటి గౌరవం... పేరు ఏదైనా సీమ పల్లెల్లో తుపాకీకి పాత చరిత్రే ఉంది. పెన్నా ఒడ్డున శనగ, వేరుశనగ చేలు, పులివెందుల వైపు చీనీ, అరటి తోటలు. కొండ అంచున ఉన్న పొలంలోకి ఒక్క రాత్రి అడవి పందుల మంద దిగితే తెల్లవారేసరికి పెట్టుబడి నేలపాలవుతుంది. అటువంటప్పుడు అటక మీది తాత తుపాకీ గుర్తుకు వస్తుంది. తూటాలు దొరకవు, దొరికినా ఖరీదు. పేలిన ఖాళీ తూటాలను పారేయకుండా మళ్లీ మందు నింపుకుంటే సరిపోతుంది కదా అన్న ఆలోచన అక్కడి నుంచే పుడుతుంది. ఇప్పుడు దానికి సెల్‌ఫోనులో కనిపించే విదేశీ దృశ్యాలు కూడా తోడయ్యాయి. ఇంటి వెనుక షెడ్డులో బల్ల ముందు కూర్చుని, కాఫీ తాగుతూ తూటాలు నింపుకునే అమెరికా ముసలాయనను చూస్తే అదేదో పిండి మర పని వంటిదే అనిపిస్తుంది.

కాదు. తుపాకీ మందు అంతా ఒకటే అన్న నమ్మకమే ఈ వ్యవహారంలో అసలు ప్రమాదం. నల్లగా, పొడిగా ఉండి నిప్పు తగిలితే మండేదల్లా తూటాలో పోయదగిన మందు కాదు. ఒక తుపాకీకి ప్రాణం పోసే మందు మరో తుపాకీని చేతిలోనే చీల్చివేస్తుంది. ఈ తేడా తెలియకనే వేళ్లు, కళ్లు, కొన్నిసార్లు ప్రాణాలు పోతున్నాయి.

గండికోటలో ఫిరంగి కొలిమి

ఈ ప్రాంతానికి మందుగుండు కొత్తది కాదు. జమ్మలమడుగుకు చేరువలోని గండికోటను పెమ్మసాని నాయకుల నుంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 17వ శతాబ్దం మధ్యలో స్వాధీనం చేసుకున్నాడు. వజ్రాల వ్యాపారి, ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే 1652లో అతనిని కలుసుకునేందుకు ఈ కోటకు వచ్చాడు. క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడిని పెట్టి మీర్ జుమ్లా ఇక్కడ ఇరవై ఫిరంగులు పోత పోయించదలిచాడని, అందుకు కావలసిన లోహం కోసం దేవాలయాల్లోని విగ్రహాలను తెప్పించాడని టావెర్నియే రాశాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత ప్రయత్నించినా కరగలేదని, చివరకు మాయ్ ఒక్క ఫిరంగి కూడా పూర్తి చేయలేకపోయాడని కూడా ఆయనే చెప్పాడు. విగ్రహాల మహిమ సంగతి అలా ఉంచితే, లోహం నాణ్యత తెలియకుండా పేలుడును అదుపు చేయగల గొట్టం తయారు కాదన్నది ఆనాటి నిపుణుడికీ అనుభవమైన విషయం. ఈనాటి నాటు తుపాకీలకు ఇదే మాట వర్తిస్తుంది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసేనాటికి దత్తమండలాల్లో దాదాపు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. కోట, కొండ, బంట్లు, తుపాకులు ఉన్నవాడిదే రాజ్యం. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసి వారి బలాన్ని అణచివేశాడు. 1857 తిరుగుబాటు అనంతరం దేశమంతటా ప్రజల వద్ద ఆయుధాలపై ఆంక్షలు వచ్చాయి. లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసింది, ఐరోపా వారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ చట్టం స్థానంలో స్వతంత్ర భారతం తెచ్చుకున్నదే 1959 ఆయుధాల చట్టం. నేటికీ అమలులో ఉన్నది అదే.

నల్లమందు కాదు, తుపాకి మందు

ఇంగ్లీషులో దీనిని నల్లపొడి అంటారు. తెలుగులో మాత్రం నల్లమందు అంటే గంజాయి పక్కన చేరే మత్తుపదార్థం కాబట్టి పెద్దలు దీనిని తుపాకి మందు అనే పిలిచారు. సూరేకారం, గంధకం, బొగ్గు దీనిలోని మూడు సరుకులు. చవుడు నేలల నుంచి ఉప్పును, సూరేకారాన్ని తీయడం ఒకప్పుడు దక్కనులో ఉప్పరుల వృత్తి. బొగ్గు, గంధకం మండే వస్తువులు. వాటికి కావలసిన ప్రాణవాయువును సూరేకారం తనలోనే దాచుకుని ఉంటుంది. అందుకే ఈ మందు మూసిన గొట్టంలో, బయటి గాలి అవసరం లేకుండానే మండుతుంది. ఇదే దాని గొప్పతనం, ఇదే దాని ప్రమాదం. మట్టి పోసినా, దుప్పటి కప్పినా అంటుకున్న మందు ఆగదు.

రెండో లక్షణం పొగ. మండిన మందులో సగానికి పైగా వాయువుగా మారకుండా బూడిదగా, మసిగా మిగిలిపోతుంది. పేల్చిన ప్రతిసారీ గొట్టం లోపల ఆ మసి గట్టిపడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. రెండు వానాకాలాలు కడగకుండా ఉంచిన తుపాకీ పైకి నునుపుగా కనిపించినా లోపల గుంటలు పడి బలహీనమై ఉంటుంది. అటక మీది తుపాకీ మీద నమ్మకం పెట్టుకోరాదనడానికి ఇది మొదటి కారణం.

కాగితం నుంచి ఇత్తడికి

తూటా అంటే మొదట్లో గుండు, దానికి సరిపడా మందు కలిపి చుట్టిన కాగితపు పొట్లం మాత్రమే. సిపాయి దాని అంచును పళ్లతో కొరికి మందును గొట్టం మూతిలో పోసి, గుండును కడ్డీతో దట్టించేవాడు. 1857లో ఎన్‌ఫీల్డు తుపాకీల తూటాలకు ఆవు, పంది కొవ్వు పూశారన్న వార్త ఏమి చేసిందో పాఠ్యపుస్తకాలు చదివిన వారందరికీ తెలుసు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కాగితం పోయి ఇత్తడి గొట్టం వచ్చింది. మందు, గుండు, నిప్పు పుట్టించే టోపీ మూడూ ఒకే తొడుగులో ఇమిడిపోయాయి. తుపాకీకి మూతి నుంచి కాక వెనుక నుంచి తూటా పెట్టడం మొదలైంది. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ రైఫిలు ఇత్తడి తూటాలో నల్లపొడితోనే పేలేది.

1884లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ వియెల్ పొగ రాని మందును కనుగొనడంతో లెక్క మొత్తం మారింది. ఇది మూడు సరుకుల మిశ్రమం కాదు, దూది వంటి పదార్థానికి నత్రికామ్లం చేర్చగా పుట్టిన రసాయనం. 1887లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్, 1889లో బ్రిటనుకు చెందిన ఏబెల్, డ్యూవర్ ఇదే దారిలో వేరే రకాలను తయారుచేశారు. బ్రిటిష్ వారి మందు పేరు కార్డైట్. నీలగిరి కొండల్లోని అరువంకాడులో 1903లో నెలకొల్పిన కర్మాగారానికి నేటికీ ఆ పేరే ఉంది.

మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన .303 రైఫిలు కథ ఈ మార్పుకు మంచి ఉదాహరణ. 1888లో బ్రిటిష్ సైన్యం లీ-మెట్‌ఫర్డ్ రైఫిలును తీసుకున్నప్పుడు .303 తూటాలో ఉన్నది అదిమిపెట్టిన నల్లపొడే. కొద్ది ఏళ్లలోనే దానిలో కార్డైట్ నింపడం మొదలుపెట్టారు. తూటా కొలత మారలేదు, మందు మారింది. దాంతో గొట్టం లోపలి మెలిక గాడులు కార్డైట్ వేడికి త్వరగా అరిగిపోసాగాయి. చివరకు గాడులనే మార్చి 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలును తేవలసి వచ్చింది. ప్రపంచంలోనే పెద్ద సామ్రాజ్యం, సొంత కర్మాగారాలు, ఇంజనీర్లు, పరీక్షా కేంద్రాలు ఉన్న సైన్యానికే మందు మార్చితే తుపాకీ మార్చవలసి వచ్చిందంటే, అటక మీది తుపాకీతో ఇంట్లో ప్రయోగాలు చేసేవారి మాట వేరే చెప్పాలా?

ఒత్తిడి లెక్క

రెండు మందుల మధ్య తేడా రంగులో, పొగలో మాత్రమే కాదు. పొగ రాని మందులో అదే బరువు నల్లపొడిలో కన్నా ఇంచుమించు మూడు రెట్ల శక్తి ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది మండే తీరు. నల్లపొడి మండే వేగం చుట్టూ ఉన్న ఒత్తిడిని బట్టి పెద్దగా మారదు. పొగ రాని మందు అలా కాదు. ఒత్తిడి పెరిగే కొద్దీ మరింత వేగంగా మండుతుంది, మండే కొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఈ పరుగును ఆపడానికే కర్మాగారంలో దాని గింజ ఆకారం, పూత, పరిమాణం అన్నీ ఆ తుపాకీకి తగినట్లు నిర్ణయిస్తారు. .303 వంటి తూటా పేలినప్పుడు చదరపు అంగుళంపై 45 వేల పౌండ్లకు పైగా ఒత్తిడి పుడుతుంది. పాత కాలపు నల్లపొడి తుపాకులు అందులో సగాన్ని కూడా నమ్మకంగా భరించేలా చేసినవి కావు. గొట్టంగా నీళ్ల పైపును వాడిన నాటు తుపాకీ సంగతి ఊహించుకోవచ్చు.

కాబట్టి నల్లపొడి తుపాకీలో పొగ రాని మందు పోస్తే గొట్టం చీలుతుంది. ఇది చాలామంది ఊహించగలిగేదే. నల్లపొడి కదా, బలహీనమైనదే కదా, ఆధునిక రైఫిలులో పోస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. అక్కడా ప్రమాదమే. నల్లపొడికి, గుండుకు మధ్య ఖాళీ మిగిలితే ఒత్తిడి ఒకచోట గుమిగూడి గొట్టం ఉబ్బడమో, పగలడమో జరుగుతుంది. మందు చాలక గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుపోవచ్చు. శబ్దం వచ్చింది కదా అని రెండో తూటా పేలిస్తే ఆ దారి మూసుకుపోయిన తుపాకీ, పట్టుకున్నవాడి ముఖం దగ్గరే పగులుతుంది. ఇరుక్కున్న గుండు పైకి కనబడదు.

ఇత్తడి తొడుగు కూడా శాశ్వతం కాదు. పేలిన ప్రతిసారీ అది సాగుతుంది, అంచు వద్ద పలచబడుతుంది. ఒకటి రెండుసార్లు వాడిన తొడుగు మళ్లీ పేలినప్పుడు మధ్యకు తెగి, వేడి వాయువు వెనుకకు, అంటే గురిపెట్టిన కంటి వైపుకు చిమ్ముతుంది. ఇక టోపీలోని పదార్థం దెబ్బకు, రాపిడికి పేలేందుకే తయారైనది. పేలిన దానిని ఊడదీసి, సుత్తితో సరిచేసి, ఇంకేదో కూరి వాడాలనుకోవడం అరచేతిలో నిప్పు పెట్టుకోవడమే.

పేరు మారినా నిప్పు నిప్పే

విదేశాల్లో నల్లపొడికి బదులుగా వాడే మందులు కొన్ని ఉన్నాయి. అవి నల్లపొడి కన్నా కాస్త ఆలస్యంగా అంటుకుంటాయి కాబట్టి రవాణాలో, దుకాణంలో ఉంచడంలో నిబంధనలు కొంత తేలిక. మసి తక్కువ. వీటిలో పేరుపొందిన పైరోడెక్స్‌ను 1970వ దశకంలో అమెరికాకు చెందిన డాన్ పాలక్ రూపొందించాడు. భద్రమైన మందుగా పేరు తెచ్చుకున్న దానిని తయారుచేసే కర్మాగారంలోనే 1977లో పేలుడు జరిగి ఆయనే మరణించాడు. వాడేవారికి భద్రత కాస్త పెరిగింది తప్ప, తయారుచేసేవారికి మందు ఎప్పుడూ మందే.

మరో చిక్కు కొలతది. ఈ బదులు మందుల్లో కొన్ని నల్లపొడి కన్నా తేలికగా ఉంటాయి, కొన్ని ఎక్కువ శక్తి గలవి. అదే బరువుకు తూచి పోస్తే ఒత్తిడి లెక్క తప్పుతుంది. అమెరికాలో చట్టం అనుమతించే చోట్ల ఈ పని చేసేవారు తయారీదారు అచ్చువేసిన పట్టికను, పరీక్షించిన తుపాకీని, పనిముట్లను దగ్గర పెట్టుకుని చేస్తారు. వారికీ ప్రమాదాలు తప్పడం లేదు. సెల్‌ఫోను దృశ్యంలో కాఫీ కప్పు కనిపిస్తుంది కానీ ఆ పట్టిక, ఆ అనుభవం, అక్కడి చట్టం కనిపించవు.

మన దగ్గర బదులు మందు అంటే మరింత భయంకరం. దీపావళి టపాకాయలు విప్పి తీసిన పొడి, అగ్గిపుల్లల తల మందు నాటు తుపాకుల్లో కూరడం కొత్త సంగతి కాదు. టపాకాయలో ఉన్నది గుండును నెట్టే మందు కాదు, కాగితాన్ని ముక్కలు చేసి చప్పుడు చేసే మందు. మెరుపు కోసం అల్యూమినియం పొడి కలిపిన రకాలు క్షణంలో మండి గొట్టాన్ని చీలుస్తాయి. గంధకంతో క్లోరేటు లవణం కలిసిన మిశ్రమం రాపిడికే పేలుతుంది కాబట్టే 1992లో కేంద్ర ప్రభుత్వం బాణసంచాలో ఆ మిశ్రమాన్ని నిషేధించింది. నమోదైన కర్మాగారంలోనే వద్దన్న దానిని ఇంటి రోట్లో నూరడం ఏ లెక్కన సమంజసమో నూరేవారే చెప్పాలి.

లైసెన్సు ఉన్న గనుల్లోనే పేలుడు పదార్థం దయ చూపదు. 2021 మే 8న ఈ జిల్లాలోనే కలసపాడు మండలం మామిళ్లపల్లె వద్ద ముగ్గురాయి గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా జరిగిన పేలుడులో పదిమంది కూలీలు చనిపోయారు. అది తూటాల మందు కాకపోవచ్చు. అలవాటైన చేతులే అయినా ఒక్క క్షణం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం అంతకు మించిన సాక్ష్యం జిల్లాకు అక్కరలేదు.

తుపాకీ లైసెన్సు, తయారీ లైసెన్సు వేరు

తన దగ్గర లైసెన్సు తుపాకీ ఉంది కాబట్టి తన తూటా తాను నింపుకుంటే తప్పేమిటన్నది తరచుగా వినిపించే వాదన. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలంటుంది. అయిదో సెక్షన్ తుపాకులు, తూటాల తయారీకి, అమ్మకానికి, మరమ్మతుకు వేరే లైసెన్సు ఉండాలంటుంది. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్లు కాదు. పైగా చట్టంలో తూటా అన్న మాటకు అర్థం విస్తృతం. తుపాకీలో వాడే మందు, దానికి సంబంధించిన సామగ్రి, తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి.

2019 డిసెంబరులో చేసిన సవరణతో శిక్షలు కఠినమయ్యాయి. అంతకుముందు అనుమతి లేని తయారీకి మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉన్న శిక్ష, ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు పెరిగింది. ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా ఆనందంతో గాలిలోకి కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

ఇక్కడితో అయిపోదు. 1884 పేలుడు పదార్థాల చట్టం కింద తుపాకి మందు కూడా పేలుడు పదార్థమే. 2008 నిబంధనల్లో మొదటి తరగతే దానిది. లైసెన్సు లేకుండా తయారు చేస్తే ఈ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. సీమకు బాగా తెలిసిన నాటుబాంబుల కేసుల్లో వాడేది మరో చట్టం, 1908 నాటిది. అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థం దగ్గర ఉందని తేలితే అయిదో సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పందుల కోసమే నూరానని చెప్పినంత మాత్రాన ఆ అనుమానం తొలగిపోదు. ముఠా కక్షల చరిత్ర ఉన్న ఈ మూడు పట్టణాల పరిసరాల్లో మందు దొరికిన ఇంటిని పోలీసులు ఏ కంటితో చూస్తారో వేరుగా వివరించనవసరం లేదు.

పొరుగున కర్ణాటకలోని కొడగు వాసులకు కొన్ని రకాల తుపాకుల విషయంలో లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కేంద్రం దానిని 2029 వరకు పొడిగించింది. అది ఆ ప్రాంతానికి మాత్రమే. కడప జిల్లాకు వర్తించదు.

రైతుకు చట్టం చూపే దారి

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇదే చట్టంలో ఉంది. పదమూడో సెక్షన్ ప్రకారం నిజంగా పంట రక్షణ కోసమే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడగవచ్చు. అది ఆ పనికి చాలదని అధికారి భావిస్తే గాడులు లేని వేరే తుపాకీకీ అనుమతి ఇవ్వవచ్చు. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు చేరాలి. స్థానిక పోలీసు స్టేషను నుంచి విచారణ నివేదిక వెళ్తుంది. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ భద్రంగా వాడటంపై శిక్షణ పొందిన ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటుపై హామీపత్రం ఇవ్వాలి. పని వేగంగా జరుగుతుందని చెప్పలేం కానీ దారి అయితే ఉంది. లైసెన్సు ఉన్నవారు తమ తుపాకీకి సరిపడే తూటాలను అధీకృత దుకాణంలో, లైసెన్సు పుస్తకంలో రాసిన మేరకు కొనుక్కోవచ్చు. పన్నెండు బోరు తుపాకులకు పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారం శక్తిమాన్ పేరుతో తయారుచేసిన తూటాలు పాత లైసెన్సుదారులందరికీ పరిచయమే. 1869 నాటి ఆ కర్మాగారం 2021 నుంచి మ్యూనిషన్స్ ఇండియా సంస్థ కింద పనిచేస్తోంది.

తుపాకీ లైసెన్సు వచ్చినా పందిని కాల్చే అనుమతి వచ్చినట్లు కాదు. అది అటవీశాఖ సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు పదకొండో సెక్షన్ కింద అధీకృత అధికారి కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తేనే వేట చట్టబద్ధం. ఆ కాగితం లేకుండా నింపిన తూటాతో పందిని కాల్చిన రైతు ఒకే రాత్రి మూడు చట్టాల కింద నేరస్తుడవుతాడు.

ఆ కాగితం వచ్చేలోగా పంట ఆగదు కాబట్టి రైతులు ఇతర ఉపాయాలు వెతుక్కుంటున్నారు. చేను చుట్టూ పాత చీరలు కట్టడం సీమలో ఎక్కడ చూసినా కనిపించేదే. వేరుశనగ చుట్టూ నాలుగు వరుసల కుసుమ వేస్తే ముళ్లకు పందులు వెనుదిరుగుతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. జియ్యి జియ్యిమనే తక్కువ షాకు ఇచ్చే సౌర కంచెలూ ఉన్నాయి. అయితే ఇంటి కరెంటును నేరుగా తీగలకు కలపడం మాత్రం మందు నూరడమంత ప్రమాదం. పంది కన్నా ముందు పొరుగు రైతు చచ్చిపోయిన ఉదంతాలు అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయి.

గాయాన్ని దాచవద్దు

మందు పేలి గాయపడినవారు కేసు భయంతో ఇంట్లోనే పసుపు, సిరా, పళ్లపొడి పూసుకుని కూర్చోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విషాదకరం. మందు కాలిన గాయంలో మసి, కాలని గింజలు చర్మం లోపలికి దిగబడతాయి. శుభ్రం చేయకపోతే చీము పడుతుంది, ధనుర్వాతం వచ్చే ప్రమాదమూ ఉంది. కాలిన చోట వెంటనే కుళాయి నీటిని ఇరవై నిమిషాలపాటు ధారగా పోయాలి. మంచు, నూనె, వెన్న పనికిరావు. కంట్లో ముక్క దిగితే నలపరాదు, లాగరాదు. కంటిపై ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు వంటిది బోర్లించి కట్టి తీసుకువెళ్లాలి. తెగిన వేలు దొరికితే తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు నీటిలో ఉంచి వెంట తీసుకువెళ్లాలి.

2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన 108 వాహనాలకు ఫోను చేయవచ్చు. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి, కడపలో రిమ్స్ ఉన్నాయి. జమ్మలమడుగు వాసులకు మిషనరీల కాలం నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి తరతరాలుగా తెలుసు. పేలుడు గాయం కాబట్టి ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వడం మామూలే. అయితే ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో స్పష్టం చేసింది. పోలీసులు రాలేదన్న కారణంతో ఏ వైద్యుడూ చికిత్స ఆపరాదు.

అటక మీది తుపాకీని ఏం చేయాలి?

లైసెన్సుదారు చనిపోయాక ఆ తుపాకీని అలాగే ఇంట్లో ఉంచుకుంటే వారసుడు అక్రమంగా ఆయుధం ఉంచుకున్నట్లే. 2019 సవరణ తర్వాత దీనికి రెండేళ్ల నుంచి అయిదేళ్ల వరకు శిక్ష ఉంది. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని, అధీకృత దుకాణంలో గాని దానిని అప్పగించాలి. వారసుడు తన పేరిట లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి పొందే అవకాశం ఉంటుంది.

అప్పగించేముందు ఒక జాగ్రత్త. మూతి నుంచి దట్టించే పాత తుపాకుల్లో ఎప్పుడో వేసిన మందు, గుండు అలాగే ఉండిపోవడం సర్వసాధారణం. పొడిగా ఉన్న తుపాకి మందు తరాలు గడిచినా చావదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2008లో ఒక సేకర్త, అక్కడి అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ గుండు వయసు 140 ఏళ్లకు పైమాటే. కాబట్టి తాత తుపాకీ గొట్టంలోకి కడ్డీ పెట్టి పొడవడం, మంట దగ్గర వేడి చేయడం, టోపీ ఉన్నదీ లేనిదీ చూడటానికి గుర్రం లాగి వదలడం చేయరాదు. ఉన్నచోటనే ఉంచి, పిల్లలను దూరం పంపి, స్టేషనుకు కబురు చేస్తే వారే వచ్చి తీసుకువెళ్తారు. పెట్టెల్లో, సీసాల్లో మిగిలిన పాత మందు ఉన్నా అంతే. బావిలో, చెత్తకుప్పలో పారబోయడం, పొయ్యిలో వేయడం కూడదు. మూత తీయకుండా అదే సమాచారంలో ఆ మాట కూడా చెప్పాలి.